గీత మీదికి జరిపిన గిటారు

మా ఆల్బమ్‌లో మీరు వినే గిటారు నా స్నేహితుడు వాయించినట్టుగా లేదు. వాయించింది వాడే. కానీ వాడి వేళ్లు తీగల మీద పడిన క్షణాలు అవి కావు. వాటిని నేను కంప్యూటర్‌లో జరిపాను. ఒక మధ్యాహ్నం కూర్చుని, అన్ని పాటల్లోనూ, వాడి స్వరాలను కొంచెం కొంచెంగా ముందుకు లాగి దరువు మీద కూర్చోబెట్టాను. ఆ సంగతి వాడికి చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల వాడు తన చెయ్యి పాడైపోయిందని నమ్మాడు. నమ్మి గిటారు మానేశాడు. ఆస్పత్రిలో వాడి చెయ్యి పరీక్షిస్తుంటే పక్కన బల్ల మీద కూర్చుని కూడా నేను నోరు విప్పలేదు.

ఇది రాయడానికి వాడి అనుమతి ఉంది, అంతా తెలిశాకే ఇచ్చాడు. "రాసుకో. పేర్లు మాత్రం వద్దు. మా గ్రానైట్ యూనిట్‌లో వాళ్లు చదివారంటే నన్ను ప్రశాంతంగా టీ తాగనివ్వరు" అన్నాడు. అందుకని పేర్లు లేవు. చిన్నప్పటినుంచీ వాడు నన్ను పంతులూ అంటాడు. నేను వాణ్ణి మేళం అంటాను. ఆ రెండూ చాలు.

పర్చూరు చుట్టుపక్కల ఊళ్లలో మా నాన్న పెళ్లిళ్లు చేయించేవారు. అవే పెళ్లిళ్లలో వాళ్ల నాయన సన్నాయి ఊదేవారు. మా వైపు సన్నాయి మేళం చాలాచోట్ల ముస్లిం కుటుంబాలదే. సీతారాముల కల్యాణానికైనా, పొగాకు వ్యాపారి ఇంట పెళ్లికైనా తాతల కాలం నుంచి వాళ్లు ఊదితేనే శుభం. అందులో వింతేమీ మాకు కనబడలేదు. మాకు కావలసింది పెళ్లి భోజనం. నేను నాన్న వెనక అక్షింతల పళ్లెం పట్టుకుని, వాడు వాళ్ల నాయన పక్కన శ్రుతి పెట్టె పట్టుకుని, ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్లం.

ముహూర్తం దగ్గరపడగానే మా నాన్న ఒక చెయ్యి పైకెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అనేవారు. డోలు వెంటనే దడదడలాడేది. సన్నాయి మాత్రం వెంటనే అందుకునేది కాదు. వాళ్ల నాయన మా నాన్న చెయ్యి చూసి, పెళ్లికొడుకు చేతిలో సూత్రం చూసి, గుక్కెడు గాలి లోపలికి పీల్చి, అప్పుడు ఊదేవారు. చెయ్యి లేవడానికీ సన్నాయి పలకడానికీ మధ్య చిన్న సందు ఉండేది. పందిట్లో అందరూ ఆ సందులో ఒక్కసారి ఆగేవాళ్లు.

"మీ నాన్న చెయ్యెత్తకపోతే మా నాయన ఊదడు. అంతా మీ పెత్తనమే" అనేవాడు మేళం.

"ఎత్తాక కూడా ఊదడు కదరా. నిద్రపోతాడు" అనేవాణ్ణి నేను.

మేళం సన్నాయి పట్టలేదు. పెద్దయ్యాక చిలకలూరిపేటలో ఒక ఆర్కెస్ట్రాలో చేరి గిటారు నేర్చుకున్నాడు. రిసెప్షన్లలో సినిమా పాటలకి వాయించేవాడు. ఆ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే ఆయన దగ్గర ఎక్కడెక్కడి సంగీతమో పెన్ డ్రైవుల నిండా ఉండేది. జాజ్‌లో స్వరాలు మెలితిరగడం, ఫంక్‌లో తీగని పూర్తిగా పలకనివ్వకుండా అరచేత్తో నొక్కి చిక్ చిక్ మని కొట్టడం వాడు అక్కడ విని పట్టుకున్నాడు. నేర్పినవాళ్లెవరూ లేరు. వాళ్ల నాయనకి ఆ వాయిద్యం మీద గౌరవం లేదు. దాన్ని గోకుడు అనేవారు. "గోకుడు అయిందా? అయితే అన్నానికి రా" అని పిలవడం నేను చాలాసార్లు విన్నాను.

తర్వాత పెళ్లిళ్లలోకి డీజే పెట్టెలు వచ్చాయి. ఆర్కెస్ట్రా మూతపడింది. మేళం చీమకుర్తి వెళ్లి గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్‌లో చేరాడు. మొదట్లో చేత్తో పట్టుకునే పాలిష్ మిషన్ ఇచ్చారట. రోజంతా అది చేతుల్లో వణుకుతూనే ఉంటుంది. సాయంత్రం మిషన్ దించాక కూడా చేతుల్లో ఆ వణుకు ఇంకా ఉన్నట్టే అనిపించేదని చెప్పేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. వాడు తర్వాత నమ్మిన అబద్ధానికి ఆధారం ఇదే.

నేను కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఒక రేడియోలో పనిచేసి, గుంటూరు తిరిగొచ్చి, మిర్చి యార్డుకి వెళ్లే దారిలో ఒక పరుపుల కొట్టు పైన గది తీసుకుని రికార్డింగు మొదలుపెట్టాను. ఆటోల మీద తిరిగే పత్తి విత్తనాల ప్రకటనలు, ఎన్నికల పాటలు, చర్చి పాటలు, అయ్యప్ప పాటలు అన్నీ చేశాను, చేస్తున్నాను. గోడలకి ఖరీదైన ఫోము కొనలేక, కింది కొట్టులో పాత పరుపులు తీసుకుని నిలబెట్టి కట్టాను. గుంటూరులో అంత మెత్తటి గోడలు ఇంకెవరికీ లేవని మేళం అనేవాడు. అలిసిపోయి ఆ గోడకే చేరగిలబడి కునుకు తీసేవాడు కూడా.

నా సొంత పిచ్చి వేరే ఉంది. రేడియోలో ఉన్నప్పుడు నాకు హౌస్ సంగీతం అంటుకుంది. అందులో మొదట వినబడేది బరువైన నాలుగు దెబ్బలు. సమానంగా, ఎక్కడా ఆగకుండా, పాట మొత్తం అవే. వాటి సందుల్లో తాళాల చప్పుడు, కింద బాస్. వినేవాళ్లకి మొదట ఏమీ జరగనట్టు ఉంటుంది. కాసేపటికి కాలు కదులుతుంది. ఆ దెబ్బల మీద జాజ్, ఫంక్ గిటారు ఉంటే బాగుంటుందని నాకు కోరిక. ఒక ఆదివారం మేళాన్ని పిలిచి వినిపించాను.

"ఏంట్రా ఇది? పిండిమరలాగా ఒకటే మోత."

"అది హౌస్ రా. దాని మీద నువ్వు వాయించాలి."

"దీనికి నేనెందుకు? ఇంకో మర పెట్టుకో. మా ఆర్కెస్ట్రాని మింగింది ఈ మరే కదా. మళ్లీ దాని దగ్గరికే తీసుకొచ్చావా?"

అంటూనే గిటారు సంచి జిప్పు తీశాడు.

ఆ రోజు వాడు వాయించింది నా దగ్గర ఇప్పటికీ ఉంది. నా దెబ్బ పడుతుంది. వాడి గిటారు ఒక పిసరు ఆగి పడుతుంది. ఆ పిసరుని సెకన్లలో చెప్పడం అనవసరం. తప్పు అనిపించేంత కాదు. తాడు కట్టిన దూడ నడిచేటప్పుడు తాడు బిగుసుకుంటుందే, అలా నా దరువుకీ వాడి తీగకీ మధ్య ఏదో లాగినట్టు ఉండేది. ఆ లాగుడు వల్ల నా మర నడిచింది. అంతవరకు అది తిరిగేది, అంతే.

"వెనకబడుతున్నావురా" అన్నాను.

"నేను వెనకబడట్లా. నీ మర తొందరపడుతోంది."

అలా మొదలైంది. వాడికి సెలవు దొరికిన ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి ఒంగోలు మీదుగా వచ్చేవాడు. మెట్ల గోడకి గిటారు సంచి తగిలే చప్పుడు నాకు ముందు వినబడేది. కిందినుంచి పరుపుల కొట్టు ముసలాయన "వచ్చాడయ్యా నీ మేళం" అని కేకేసేవాడు. దరువు నేను కట్టేవాణ్ణి, బాస్ ఇద్దరం కలిసి పాడి చూసుకునేవాళ్లం, గిటారు మీద స్వరాల కూర్పులు, అంటే కార్డ్స్, వాడివి. ఒక్కో పాటకి మాలో మాకు ఒక్కో పేరు ఉండేది. చివరి పాటకి గట్టిమేళం అని పేరు. అందులో దరువు మొత్తం ఒక్కసారి ఆపేసి, నిశ్శబ్దం ఇచ్చి, మళ్లీ అన్నీ ఒకేసారి పడేలా కట్టాను. ఆ పడే చోట నేను మా మధ్య ఉన్న గాజు అద్దం అవతలినుంచి చెయ్యి పైకెత్తేవాణ్ణి. వాడు నవ్వి, ఒక పిసరు ఆగి, కొట్టేవాడు.

మిర్చి సీజన్లో మా గదికి కష్టాలు. కిటికీలు ఎంత మూసినా ఘాటు లోపలికి వస్తుంది. యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చే లారీలు వరుస కట్టాయంటే పాడేవాళ్లు గొంతు సవరించుకోవడంతోనే పూట గడిచిపోతుంది. గట్టిమేళం పాటలో మంచి వాయింపు మధ్యలో మేళం తుమ్మాడు. చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఇంకోసారి చేద్దాం" అన్నాను.

"వద్దురా. తుమ్ము తాళంలోనే పడింది. అదీ మన గుంటూరు సంతకం. ఉంచు."

ఉంచుతానన్నాను.

పాటలు పూర్తయ్యాక బెంగళూరులో ఒక చిన్న కంపెనీకి పంపాను. అక్కడి కుర్రాడికి నచ్చాయి. ఫోన్ చేసి మంచిగానే మాట్లాడాడు. "గిటార్ మాత్రం కొంచెం లూజ్‌గా ఉందండి. డీజేలు వేరే ట్రాక్‌తో కలుపుకోవాలంటే టైట్‌గా ఉండాలి. ఒకసారి చూడండి" అన్నాడు. బలవంతపెట్టలేదు. మార్చకపోతే విడుదల చెయ్యనని అనలేదు. ఆ మాట ఇప్పుడు స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలాకాలం నాలో నేను ఆ కుర్రాడి మీద తోసేస్తూ వచ్చాను. భయపడింది నేను. ఈ వయసులో నా పేరుతో ఒక ఆల్బమ్ బయటికి వస్తోంది, అది జారిపోతుందేమోనని భయం.

రికార్డింగు కంప్యూటర్‌లో పాట మీద నిలువు గీతలు ఉంటాయి. నాలుగు దెబ్బలు ఆ గీతల మీదే పడతాయి. మేళం స్వరాలన్నీ గీత దాటాక మొదలయ్యేవి. వాటిని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కనీ గీత మీదికి జరిపాను. తుమ్ము కూడా తీసేశాను. సాయంత్రానికి పని అయిపోయింది. విన్నాను. శుభ్రంగా ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, సమర్థించుకోవడానికి కాదు, అది ఎలా జరిగిందో తెలియడానికి. మా వృత్తిలో గొంతు దిద్దడం రోజూ ఉండేదే. అయ్యప్ప మాల వేసుకుని పాడాలని సరదాపడి వచ్చే మనిషికి శ్రుతి ఉండదు. నేను దిద్దిపెడతాను. ఆయన విని "నా గొంతు ఇంత బాగుంటుందా!" అని కళ్లు పెద్దవి చేస్తాడు. "బాగుందండీ" అంటాను. దిద్దిన సంగతి పాడినవాళ్లకి చెప్పకపోవడం మాకు మర్యాద. ఆ మర్యాదే మేళం దగ్గరా పాటించాను. వాడు సరదాకి పాడేందుకు వచ్చిన మనిషి కాడని ఆ మధ్యాహ్నం నాకు తట్టలేదు.

అయినా చెబుదామనే అనుకున్నాను. వాడు వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను ఎదురుగా మాటలు కూడబలుక్కుంటున్నాను. పాట సగంలో కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఒరేయ్ పంతులూ. ఇది నేనేనా?"

ఆ ముఖం చూశాక నేను అనవలసిన మాట అనలేదు. "మరి ఇంకెవర్రా?" అన్నాను.

"తుమ్ము ఏమైంది?"

"సెన్సారు."

నవ్వాడు. ఆ నవ్వుతో నా దారి మూసుకుపోయింది.

వాడు ఆ పాటలు ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాయనకి వినిపించాడు. ఆయన అప్పటికి ఊదడం మానేసి చాలా రోజులైంది, పళ్లు లేవు. చివరిదాకా విని, "ఎక్కడా తాళం జారలేదురా. చెయ్యి కుదిరింది నీకు" అన్నారట. ఆ మాట మేళం నాకు ఫోన్‌లో చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. గోకుడు అనే మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు. ఆ ఏడు వానల్లో ఆయన పోయారు. ఒకే ఒక్క మెచ్చుకోలు ఇచ్చి వెళ్లారు. అది వాడి వాయింపుకి కాదు, నా జరుపుడుకి.

ఇక ఎలా చెప్పను? ప్రతి నెలా అది ఇంకొంచెం కష్టమైంది.

ఆల్బమ్ బయటికి వచ్చింది. పెద్ద పేరేమీ రాలేదు గానీ ఎక్కడెక్కడివాళ్లో విని రాశారు. గిటారు వాయించే ఆయన చెయ్యి గడియారంలా ఉందని మెచ్చుకున్నారు. విజయవాడలో ఒక హాల్లో మా ఇద్దరినీ వాయించమని పిలిచారు. దరువు, బాస్ నా కంప్యూటర్ నుంచి వస్తాయి. గిటారు వాడు అక్కడికక్కడ వాయించాలి.

దానికోసం మేళం ఆల్బమ్ పెట్టుకుని సాధన చేశాడు. తన గిటారుని తనే అనుకరించబోయాడు. నాకు అది తెలుసు. ఫోన్‌లో "ఏంట్రా, అప్పుడు అంత బాగా ఎలా పడిందో! ఇప్పుడు ప్రతిచోటా జారుతోంది" అన్నాడు. "ప్రాక్టీసు లేదు కదా, వస్తుందిలే" అన్నాను.

వేదిక మీద మొదటి పాట ఎలాగో దాటింది. రెండో పాటలో వాడు దెబ్బకి ముందే దూకడం మొదలుపెట్టాడు. వెనకబడతానేమోనని భయపడి ముందుకు పరిగెత్తుతున్నాడు. పళ్లు బిగబట్టాడు, మణికట్టు కొయ్యలా అయింది. వినేవాళ్లు మంచివాళ్లే, చప్పట్లు కొట్టారు. గట్టిమేళం పాటలో దరువు ఆగింది. నిశ్శబ్దం. అలవాటుగా నేను చెయ్యి ఎత్తాను. వాడు నా చెయ్యి వైపు చూడలేదు. తన చెయ్యి వైపు చూసుకుంటున్నాడు. దరువు మళ్లీ పడింది, వాడు కొట్టలేదు. మిగతా పాటంతా నా మర ఒక్కటే తిరిగింది.

తిరిగి వస్తూ కారు మంగళగిరి దాటింది. మేళం కుడిచెయ్యి నా ముందు చాపాడు.

"అప్పుడు వాయించిన చెయ్యి కాదురా ఇది. రాళ్ల పనిలో పోయింది. మా వాళ్లు ముందే చెప్పారు, ఆ మిషన్ పట్టుకుంటే నరాలు చచ్చిపోతాయని."

"అలాంటిదేమీ లేదు."

"నీకేం తెలుసు? రికార్డు ఉంది కదా సాక్ష్యం. అది విను, ఇది విను."

స్టీరింగు గట్టిగా పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ నడిపాను. నిజం చెప్పడానికి గుంటూరు వచ్చేదాకా సమయం ఉంది. చెప్పలేదు.

ఒంగోలులో నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అదొక సాయం అనుకున్నాను. చేతికి తీగలు అంటించి, చిన్న చిన్న షాకులు ఇచ్చి చూశారు. ప్రతి షాకుకీ వాడి వేలు ఎగురుతుంటే నేను పక్కన బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. డాక్టరు గారు "నరాలు బాగానే ఉన్నాయండీ, కంగారు పడకండి" అన్నారు. మేళం బయటికొచ్చి "మిషన్‌కి దొరకలేదు, అంతే. నాకు తెలుస్తోంది కదా" అన్నాడు. గిటారుని గుడ్డ చుట్టి బీరువా మీద పడుకోబెట్టాడు. ఆదివారాలు రావడం మానేశాడు. మొదట్లో నేను ఫోన్ చేసేవాణ్ణి. తర్వాత పండగలకి మాత్రమే మాట్లాడుకునేవాళ్లం, "ఏరా ఎలా ఉన్నావు", "బాగానే ఉన్నాను", అంతే.

ఆల్బమ్ నేను వినలేను. కాఫీ హోటల్లో ఎవరైనా పెడితే లేచి బయటికి వస్తాను. జరపకముందు ఉన్న పాటలు మాత్రం దాచుకున్నాను. అవి ఈ లోకంలో నా ఒక్కడి దగ్గరే ఉన్నాయి. మధ్యాహ్నం పని లేనప్పుడు, కింద పరుపుల కొట్టులో దూది కొట్టే మిషన్ ఆగిన వేళ, హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటాను. నా దెబ్బ పడుతుంది. ఒక పిసరు ఆగి వాడు వస్తాడు. ప్రతిసారీ ఆ ఆగిన చోట, ఈసారి రాడేమో అనిపిస్తుంది. వస్తాడు. తుమ్ముతాడు కూడా. అందులో ఉన్నది వాళ్ల నాయన పీల్చుకునే గుక్కెడు గాలి అని నాకు ఎప్పుడో తెలిసి ఉండాలి. అదే పందిట్లో, అక్షింతల పళ్లెం పట్టుకుని, నేనూ కూర్చున్నాను కదా. ఎన్నో పెళ్లిళ్లలో విన్నదాన్ని కంప్యూటర్ మీద గీతలు చూసి తప్పు అనుకున్నాను.

వినడం అయ్యాక గది మరీ ఖాళీగా ఉంటుంది. మెట్ల మీద ఏదైనా తగిలిన చప్పుడైతే ఇప్పటికీ తల తిప్పుతాను. చాలామటుకు అది కింది కొట్టువాళ్లు పరుపు ఎక్కిస్తున్న చప్పుడే. మళ్లీ ఎప్పుడైనా వాడు గోడకి చేరగిలబడి "పంతులూ, ఆకలేస్తోందిరా" అంటే చాలు, పాటలు లేకపోయినా పరవాలేదు అనుకునేవాణ్ణి. అనుకుంటూ ఊరుకునేవాణ్ణి.

ఈ ఏడు మిర్చి సీజన్ మొదట్లో మేళమే ఫోన్ చేశాడు. గొంతులో పాత హుషారు.

"ఒరేయ్ పంతులూ, ఒక ముహూర్తం పెట్టు."

"ఎవరి పెళ్లిరా?"

"నా చేతికి. ఆపరేషన్. వేరే డాక్టరుని కలిశాను. మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో, కొంచెం కోసి వదులు చేస్తే పట్టు రావచ్చు అన్నాడు. ఖాయంగా చెప్పలేదనుకో. మీ నాన్న పంచాంగం నీ దగ్గరే ఉంది కదా, రాహుకాలం లేకుండా చూసి చెప్పు. సాయిబు చేతికి పంతులు ముహూర్తం, బాగుంటుంది."

"ఎందుకురా ఇప్పుడు? వాయించడం లేదు కదా."



"మా నాయన కుదిరింది అన్న చెయ్యిరా ఇది. ఇలా వదిలెయ్యబుద్ధి కావట్లా."

చూసి చెబుతానన్నాను. ఫోన్ పెట్టాను. బాగున్న చేతిని కోయించుకోబోతున్నాడు. నేను జరిపిన గీతల కోసం.

మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ తీసుకుని బయలుదేరాను. ఒంగోలు దాటి చీమకుర్తి దారి పట్టాక ఒక్కో రాయిని గొలుసులతో కట్టుకుని లారీలు ఎదురొస్తున్నాయి. వాటిని తప్పించుకుంటూ, ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ నడిపాను. ఏ మాటా కుదరలేదు. యూనిట్ గేటు దగ్గర కబురు పెడితే వాడు బయటికి వచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి రాతిపొడి.

"ముహూర్తం చెప్పడానికి ఇంత దూరం వచ్చావా? ఫోన్ లేదా?"

పక్కనే టీ కొట్టు వెనక, పక్కకి పడేసిన గ్రానైట్ చెక్కల మీద కూర్చున్నాం. ముందు ఇది విను అని హెడ్‌ఫోన్ ఇచ్చాను. పొడి చేతులు చొక్కాకి తుడుచుకుని పెట్టుకున్నాడు. గట్టిమేళం పాట, జరపకముందుది.

 కాసేపటికి వాడి కాలు కదిలింది. వింటూ, బిగ్గరగా, హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు మాట్లాడినట్టు అడిగాడు.

"ఎవర్రా ఇది? భలే వాయిస్తున్నాడే. తీరిగ్గా."

 తుమ్ము వచ్చింది. వాడి కాలు ఆగింది. పాట అయ్యేదాకా కదలకుండా విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది నేను."

"నువ్వే."

"మరి ఆల్బమ్‌లో ఉన్నది?"

"అదీ నువ్వే. కానీ నేను జరిపాను. ప్రతి స్వరం. నువ్వు ఎప్పుడూ అలా వాయించలేదు. మనిషెవడూ అలా వాయించడు. విజయవాడలో నీ చెయ్యి చెడిపోలేదురా. లేనిదాన్ని పట్టుకోబోయావు, అంతే."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. దాని మోత తగ్గేదాకా ఆగాడు.

"మా నాయనకి తెలుసా?"

"లేదు."

"ఆయన మెచ్చుకున్నది నన్ను కాదన్నమాట."

"కాదు."

"ఒంగోలులో నా పక్కనే కూర్చున్నావు కదరా. షాకులు పెడుతుంటే. నా చొక్కా నువ్వే పట్టుకున్నావు." గొంతు పెరిగింది. టీ కొట్టాయన ఇటు తిరిగి చూశాడు. "కోయించుకోబోయానురా చెయ్యి! నీకేం పంతులూ, చెయ్యి ఎత్తితే చాలు, మేళం వాయించాలి. ఎప్పుడూ నీ లెక్క ప్రకారమేనా? ఒక్క మాట, ఒక్క మాట చెప్పడానికి ఏం రోగం?"

దారంతా నేను కూడగట్టుకున్నవి భయాలే. ఆల్బమ్ పోతుందని భయం, వాడి సంతోషం పోతుందని భయం, వాళ్ల నాయన మాట పోతుందని భయం, చివరికి వాడే పోతాడని భయం. అవన్నీ చెప్పబోతే అవి మళ్లీ నా గురించే అవుతాయని అర్థమైంది. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టాను.

"మీ నాయన మాట నేను నీకు దొంగ సరుకులా ఇచ్చాను, ఇప్పుడు లాక్కుంటున్నాను. ఆయన ఉండగా ఇది వినిపించి ఉంటే ఏమనేవారో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా నేనే లేకుండా చేశాను. నీ చెయ్యి అప్పుడూ బాగుంది, ఇప్పుడూ బాగుంది. నాకే వినడం రాలేదు. విన్నాక చెప్పడం రాలేదు. తప్పు చేశాను రా. నన్ను క్షమించు."